జాతిని కాదు, తల్లిని చూసి కుక్కపిల్లను తెచ్చుకున్నాం

మాది హైదరాబాద్‌లో అద్దె ఫ్లాట్. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు వెళ్తాం, పగలు ఇంట్లో ఉండేది మా అత్తయ్య, సాయంత్రం స్కూలు నుంచి వచ్చే పాప. కుక్కను పెంచుకుందామని గట్టిగా అనుకున్నప్పుడు మా లెక్క ఇదీ: తేవడానికీ పెంచడానికీ మరీ ఖర్చు కాకూడదు, నడకకు తీసుకెళ్తే అత్తయ్యను లాగి పడేయకూడదు, చెప్పింది తొందరగా నేర్చుకోవాలి.

ఎవరిని అడిగినా మొదట చెప్పింది లాబ్రడార్. మంచి కుక్కే, తిండి చూపిస్తే ఏదైనా నేర్చుకుంటుంది, పిల్లలతో కలిసిపోతుంది. కానీ పెద్దయ్యాక 30 కిలోల దాకా పెరుగుతుంది, దానికి తగ్గట్టే తిండి, ఏడాదంతా రాలే బొచ్చు, పైగా తుంటి కీళ్ల సమస్య ఆ జాతిలో ఎక్కువ. బీగిల్ చిన్నదే గానీ వాసన పట్టుకుని పోయే వేటకుక్క, ముక్కు నేలకు ఆనిందంటే మన పిలుపు దానికి వినపడదు. హస్కీని చూసి పాప ముచ్చటపడింది, అంత మందపాటి బొచ్చున్న మంచు దేశాల కుక్కను మన మే నెల ఎండల్లో ఉంచడానికి నాకు మనసొప్పలేదు. మన దేశపు జాతి కదా అని ముధోల్ హౌండ్ గురించీ ఆలోచించాం, 2016లో మన సైన్యం కూడా శిక్షణకు తీసుకుంది వాటిని, కానీ అది పరుగు కోసమే పుట్టినట్టుండే కుక్క, ఫ్లాట్‌లో ఎక్కడ పరిగెడుతుంది?

ఈ మధ్యలో ఒకచోట లాబ్రడార్ పిల్లను 12 వేలకు ఇస్తామన్నారు. వయసు అడిగితే 35 రోజులట. తల్లిని చూపించమంటే వేరే ఊళ్లో ఉందన్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నుంచి కేంద్రం నిబంధనే ఉంది. అది ఊరికే పెట్టింది కాదు, ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోటి పిల్లలతో ఆడుతూ. అంత త్వరగా విడదీసిన పిల్లను చిన్నపిల్లలున్న ఇంటికి ఎలా తెస్తాం? వద్దని వచ్చేశాం.

దారి చూపింది ఒక వెటర్నరీ డాక్టరు గారు. "జాతి సంగతి తర్వాత సార్, ముందు తల్లిని చూడండి. తల్లి బెదురుదైతే పిల్లలూ సగం అలాగే ఉంటాయి" అన్నారు. మా పక్క కాలనీలో వీధికుక్కలకు రోజూ అన్నం పెట్టే ఒక ఆంటీ ఉన్నారు, ఆవిడ చూసుకునే ఒక కుక్కకు పిల్లలున్నాయని తెలిసి వెళ్లాం. తల్లి మా దగ్గరికి వచ్చి వాసన చూసి, తోక ఊపి, పిల్లల పక్కనే మమ్మల్ని కూర్చోనిచ్చింది. నాకు అక్కడే సగం ధైర్యం వచ్చింది. పిల్లల్ని చూడ్డానికి డాక్టరు గారు చెప్పిన పద్ధతి: తాళాలగుత్తి కొంచెం దూరంలో కింద పడేయడం. ఒకటి పారిపోయి మళ్లీ రాలేదు, ఒకటి అసలు పట్టించుకోకుండా తోటి పిల్లను కొరుకుతూనే ఉంది. ఒక గోధుమరంగు ఆడపిల్ల ఉలిక్కిపడి, కాసేపటికి తిరిగొచ్చి తాళాలను వాసన చూసింది. అదే మా గౌరి. ఎనిమిది వారాలు నిండాకే ఇంటికి తెచ్చుకున్నాం. ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఆంటీ అడిగిందల్లా పెద్దయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని.

అసలు ఖర్చు టీకాలది. కుక్కపిల్లలకు సోకే పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బులకు కలిపి వేసే టీకా, నాలుగేసి వారాలకు బూస్టర్లు, మూడు నెలలు నిండాక రేబిస్, మధ్యలో నులిపురుగుల మందు. రేబిస్ టీకా జులై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. బూస్టర్లు అయ్యేదాకా వీధికుక్కలు తిరిగేచోట కింద దించకూడదు, పార్వో వస్తే పిల్ల దక్కడం కష్టం. అలాగని నాలుగ్గోడల మధ్యే ఉంచితే బయటి చప్పుళ్లకు బెదిరిపోతుంది. అందుకని ఎత్తుకుని తిప్పాం, ఆటోల హారన్లు, గుడి మైకు, హెల్మెట్ పెట్టుకున్న డెలివరీ కుర్రాళ్లు, అన్నీ చేతుల్లోంచే చూసింది.

నేర్పడంలో మేం పట్టుబట్టింది ఒకటే, ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. పాప 'సిట్' అని, అత్తయ్య 'కూర్చోవే' అని అంటే దానికి అవి రెండు వేర్వేరు మాటలు. 'కూర్చో', 'ఆగు', 'రా', ఈ మూడే పెట్టుకున్నాం. ఉడికించిన చికెన్ చిన్న ముక్క చేతిలో పట్టుకుని, చెప్పింది చేసిన క్షణంలోనే ఇవ్వడం, అంతే, కొట్టడం అరవడం లేదు. నిద్ర లేవగానే, తినగానే, ఆట అవ్వగానే కిందికి తీసుకెళ్లి, బయట పోసినప్పుడల్లా మెచ్చుకుంటే ఇంట్లో తడి చేయడం తగ్గిపోయింది. ఈ పనిలో అత్తయ్యదే పెద్ద చెయ్యి, ఆవిడకున్న ఓపిక మాకు లేదు.

తిండి అన్నం, గుడ్డు, ఉప్పూకారం లేని చికెన్, కొంచెం పెరుగు, వాటితోపాటు డాక్టరు గారు చెప్పిన డాగ్ ఫుడ్. మిగిలిపోయిన సాంబారు అన్నం మాత్రం పెట్టం, ఉల్లిపాయ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తుంది. చాక్లెట్, ద్రాక్ష, ఉడికిన ఎముకలు కూడా వద్దు.

అపార్ట్‌మెంట్‌లో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. పెంపుడు జంతువులను అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సూచనల కాగితం, టీకాల కార్డు చూపించాం. లిఫ్ట్‌లో పట్టీ వదలం, కింద చేసింది మేమే తీస్తాం అని మాటిచ్చాం, అలాగే చేస్తున్నాం. ఇప్పుడు గౌరికి ఆపరేషన్ చేయించే వయసొచ్చింది, పాప పరీక్షలు అవ్వగానే తేదీ తీసుకుంటున్నాం. ఆంటీకి కూడా ఫోన్ చేసి చెప్పాం, ఆ రోజు ఆవిడా వస్తానన్నారు.