పెన్‌డ్రైవ్ రెస్క్యూ లినక్స్: మాడ్యూళ్ళ డిపెండెన్సీల పని ఎంతవరకు వచ్చిందంటే

లాప్‌టాప్ బూట్ కావడం లేదు, అందులో ఫోటోలు మాత్రం కావాలి అని చుట్టాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందుకే ఓ చిన్న రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారు చేస్తున్నాను. డెబియన్ 12 కెర్నెల్ (లినక్స్ మూలభాగం, వెర్షన్ 6.1), దాంతోపాటు బిజీబాక్స్ (మామూలు కమాండ్లన్నీ కలిపిన చిన్న ప్రోగ్రామ్), కావాల్సిన కాసిని మాడ్యూళ్ళు (కెర్నెల్‌కి అవసరాన్ని బట్టి జోడించే డ్రైవర్ ముక్కలు), ఈ రెండూ ఒకే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో (బూట్ కాగానే మెమరీలోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్). అది చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. లాప్‌టాప్‌లోని ఈఎక్స్‌టీ4 (లినక్స్ వాడే ఫైల్ సిస్టమ్) డిస్క్ చదివి, ఇంకో ఫ్యాట్32 పెన్‌డ్రైవ్ మీదికి కాపీ చేస్తే చాలు. టెస్టింగ్‌కి పాత కోర్ 2 డ్యుయో లాప్‌టాప్ ఒకటి ఉంది.

డెబియన్ తనే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కట్టి ఇస్తుంది కదా అంటే, ఇస్తుంది. దాని సెట్టింగ్ 'మోస్ట్' అని ఉంటే దాదాపు అన్ని డిస్క్ డ్రైవర్లూ వచ్చి పడతాయి. 'డెప్' అని పెడితే ఇప్పుడున్న మెషిన్‌కి సరిపడా మాత్రమే తీసుకుంటుంది, వేరే లాప్‌టాప్‌కి పెడితే డిస్క్ కనబడకపోవచ్చు. నాకు ఈ రెండూ వద్దు. పైగా ఏ మాడ్యూల్ దేన్ని పట్టుకుని వేలాడుతోందో దగ్గరగా చూడాలన్న సరదా కూడా ఉంది.

మొదటి శనివారం

డిపెండెన్సీల్లో తేలికైన రకం సింబళ్ళది, అంటే ఒక మాడ్యూల్ ఇంకోదాని నుంచి వాడుకునే ఫంక్షన్ల పేర్లది. ఈఎక్స్‌టీ4 మాడ్యూల్ జర్నల్ ఫంక్షన్లను తనలో పెట్టుకోదు, అవి జేబీడీ2 మాడ్యూల్లో ఉంటాయి. జేబీడీ2 వాటిని ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. డెప్‌మోడ్ అనే కమాండ్ ప్రతి మాడ్యూల్ ఫైలూ తెరిచి, ఎవరికి ఏ సింబల్ కావాలి, దాన్ని ఎవరు ఇస్తున్నారు అని జత కలిపి మాడ్యూల్స్.డెప్ ఫైల్లో రాస్తుంది. ఈఎక్స్‌టీ4 లైన్లో జేబీడీ2, ఎంబీక్యాష్, సీఆర్‌సీ16 ఉంటాయి. మాడ్యూళ్ళను ఎక్కించే మోడ్‌ప్రోబ్ కమాండ్ ఆ లైన్ చూసి ముందు వాటిని ఎక్కించి, చివర్లో ఈఎక్స్‌టీ4ని ఎక్కిస్తుంది. ఇన్స్‌మోడ్‌కి ఆ తెలివి లేదు, ఇచ్చిన ఫైలు తోసేస్తుందంతే. జేబీడీ2 లేకపోతే 'తెలియని సింబల్' అని కెర్నెల్ లాగ్‌లో ఒకదాని కింద ఒకటి వరసగా పడతాయి.

ఒకదాని మీద ఒకటి ఆధారపడే వలయం ఇక్కడ కుదరదు. అలాంటిది కనబడితే డెప్‌మోడ్ ఎర్రర్ ఇస్తుంది. అందువల్ల వరస కట్టడం సులువు. యూనిక్స్‌లో ఎప్పటినుంచో ఉన్న టీసార్ట్ కమాండ్‌కి 'ముందు ఇది, తర్వాత అది' అని జంటలుగా ఇస్తే సరైన వరస ఇచ్చేస్తుంది. అది పుట్టింది కూడా ఇలాంటి పనికే, లింకర్‌కి ఆబ్జెక్ట్ ఫైళ్ళను సరైన వరసలో అందించడానికి. మాడ్యూల్స్.డెప్ లైన్లను జంటలుగా విడగొట్టే ఆక్ స్క్రిప్ట్ నాలుగు లైన్లకు మించలేదు.

ఎంచుకున్న ఫైళ్ళను కొత్త ఫోల్డర్లోకి తెచ్చాక డెప్‌మోడ్‌ని బి ఆప్షన్‌తో ఆ ఫోల్డర్ మీదే మళ్ళీ నడపాలి. ఏమన్నా మిగిలిపోయాయా అన్నది కూడా అదే చెబుతుంది, చిన్న 'ఈ' (e) ఆప్షన్ పెడితే. కానీ కెర్నెల్ అసలు ఇమేజ్ ఫైల్లోనే ఉన్న సింబళ్ళ జాబితా దానికి అందించాలి. డెబియన్‌లో బూట్ ఫోల్డర్‌లోని సిస్టమ్.మ్యాప్ పేరుకే ఉంటుంది, అసలుది డీబగ్ ప్యాకేజీలో ఉందని అందులో ఒక్క లైను రాసి పెట్టారు. అందుకని కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీలో వచ్చే మాడ్యూల్.సిమ్‌వర్స్‌ని పెద్ద 'ఈ' (E) ఆప్షన్‌తో ఇచ్చాను. ఒక్క వార్నింగ్ కూడా రాలేదు.

ఆదివారం

వార్నింగ్ లేదు గానీ పెన్‌డ్రైవూ లేదు. యూఎస్‌బీ స్టోరేజ్ మాడ్యూల్ ఎక్కింది, దానికి కావాల్సిన యూఎస్‌బీ కోర్, స్కజీ (డిస్క్‌లతో మాట్లాడే పద్ధతి) మాడ్యూల్ రెండూ ఉన్నాయి. పరికరాలు కనబడే డెవ్ ఫోల్డర్లో మాత్రం పెన్‌డ్రైవ్‌కి రావాల్సిన పేరు ఎస్‌డీబీ రాలేదు.

ఎక్కిన మాడ్యూళ్ళ జాబితా ఇచ్చే ఎల్ఎస్‌మోడ్ చూపించే 'ఎవరు వాడుతున్నారు' కాలమ్‌లో సంగతి కనబడుతుంది. యూఎస్‌బీ స్టోరేజ్‌కి యూఎస్‌బీ కోర్ కావాలి. పోర్టును నడిపే ఈహెచ్‌సీఐ పీసీఐ డ్రైవర్‌కీ అదే కోర్ కావాలి. ఈ రెండింటికీ మధ్య నేరుగా ఏ సంబంధమూ లేదు, ఒకరి సింబల్ ఇంకొకరికి అక్కర్లేదు. కానీ రెండోది లేకపోతే మొదటిదానికి చేయడానికి పనే ఉండదు. డెప్‌మోడ్ దృష్టిలో అంతా బాగున్నట్టే.

ఈహెచ్‌సీఐ పెట్టాక పెన్‌డ్రైవ్ వచ్చిందని లాగ్‌లో పడింది, స్కజీ హోస్ట్ లైనూ పడింది. ఎస్‌డీబీ మాత్రం ఇంకా లేదు. డిస్క్‌ని డిస్క్‌గా చూపించేది ఎస్‌డీ మాడ్యూల్, యూఎస్‌బీ స్టోరేజ్ దాని పేరెత్తదు. కొత్త స్కజీ పరికరం రాగానే కెర్నెల్ 'టైప్ 0 పరికరం' అని ఓ మోడ్‌ఎలియాస్ (పరికరానికి తగ్గ మాడ్యూల్‌ని వెతకడానికి వాడే పేరు) ప్రకటిస్తుంది. మాడ్యూల్స్.ఎలియాస్ ఫైల్లో ఆ పేరుకి ఎదురుగా ఎస్‌డీ మాడ్యూల్ ఉంటుంది. సీడీ డ్రైవ్ అయితే టైప్ 5, దానికి ఎస్ఆర్ మాడ్యూల్.

అందువల్ల ఈ భాగానికి చేత్తో జాబితా రాయడం మానేశాను. ఇనిట్ స్క్రిప్ట్‌లో సిస్ ఫోల్డర్ కింద ఉన్న మోడ్‌ఎలియాస్ ఫైళ్ళన్నీ చదివి, డూప్లికేట్లు తీసేసి, ఒక్కోదాన్నీ మోడ్‌ప్రోబ్‌కి ఇస్తున్నాను. అయితే ఒకే విడతలో పని కాదు. మొదటి విడతలో పీసీఐ మీదున్న ఈహెచ్‌సీఐ వస్తుంది. అది వచ్చాక గానీ పెన్‌డ్రైవ్ కనబడదు, కాబట్టి యూఎస్‌బీ స్టోరేజ్ రెండో విడతలో. డిస్క్ మూడో విడతలో. పరికరం కుదురుకోవడానికి యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్ మామూలుగా ఒక సెకను ఆగుతుంది, కాబట్టి విడతల మధ్య స్లీప్ తప్పదు. పరికరాలు రాగానే మాడ్యూళ్ళు ఎక్కించే యూడెవ్ ప్రోగ్రామ్ పెడితే ఈ గొడవంతా అదే చూసుకుంటుంది, కానీ ఇంత చిన్న పనికి అది బరువనిపించింది.

తర్వాతి వారాంతం

ఈఎక్స్‌టీ4 మౌంట్ కాలేదు. లాగ్‌లో 'సీఆర్‌సీ32సీ డ్రైవర్ లోడ్ చేయలేకపోయాం' అని ఉంది. సీఆర్‌సీ32సీ అంటే డేటా పాడైందో లేదో చూసుకునే చెక్‌సమ్ లెక్క. 6.1 కెర్నెల్లో ఈఎక్స్‌టీ4 ఈ చెక్‌సమ్‌ని క్రిప్టో విభాగాన్ని పేరు పెట్టి అడిగి తెప్పించుకుంటుంది. సింబల్ కాదు కాబట్టి మాడ్యూల్స్.డెప్‌లోకి ఎక్కదు. దాని కోసమే సాఫ్ట్‌డెప్ అనే ఏర్పాటుంది, 'నాకంటే ముందు సీఆర్‌సీ32సీ ఉంటే బాగు' అని మాడ్యూలే చెప్పుకుంటుంది. ఆ మాట మాడ్యూల్స్.సాఫ్ట్‌డెప్ అనే వేరే ఫైల్లోకి పోతుంది. నా ఆక్ స్క్రిప్ట్ బదులు మోడ్‌ప్రోబ్‌నే పెద్ద డి ఆప్షన్‌తో అడిగితే రెండూ కలిపి వరసగా చూపిస్తుంది. ఇప్పుడు స్క్రిప్ట్ దాన్నే వాడుతోంది. కొత్త కెర్నెళ్ళలో ఈఎక్స్‌టీ4 ఈ చెక్‌సమ్‌ని నేరుగా లైబ్రరీ ఫంక్షన్‌గా పిలుస్తోంది కాబట్టి అక్కడ ఈ పేచీ లేదు.

ఆ జాబితాలో సీఆర్‌సీ32సీ పేరుతో రెండు మాడ్యూళ్ళు వచ్చాయి, ఒకటి జెనరిక్, ఇంకోటి ఇంటెల్. ఇంటెల్ది ఎస్ఎస్ఈ 4.2 అనే ఆదేశాల సెట్ ఉన్న ప్రాసెసర్‌లోనే పనిచేస్తుంది. 2008 చివర్లో వచ్చిన ఇంటెల్ నెహాలెమ్ ప్రాసెసర్ల నుంచే అది ఉంది, కోర్ 2 డ్యుయోలో లేదు. అక్కడ ఇన్స్‌మోడ్ 'అలాంటి పరికరం లేదు' అని తిప్పి పంపుతుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు, జెనరిక్ ఆ పని చేసేస్తుంది. సింబల్ డిపెండెన్సీ దొరక్కపోతే ఆగిపోవాలి, సాఫ్ట్‌డెప్ కుదరకపోతే లాగ్‌లో ఓ లైను రాసి ముందుకు పోవాలి అని స్క్రిప్ట్‌లో రూలు పెట్టుకున్నాను.

ఫ్యాట్32ని చదివే వీఫ్యాట్ మాడ్యూల్ ఇంకా జగమొండి. సాఫ్ట్‌డెప్ కూడా రాయదు. మౌంట్ చేస్తే బిజీబాక్స్ 'ఆర్గ్యుమెంట్ సరిగా లేదు' అని ఊరుకుంటుంది. కెర్నెల్ లాగ్ చూస్తే 'కోడ్‌పేజ్ సీపీ437 దొరకలేదు' (కోడ్‌పేజ్ అంటే ఫైలు పేర్లలోని అక్షరాల పట్టిక). ఎన్ఎల్ఎస్ సీపీ437 మాడ్యూల్ పెట్టాక 'ఐఓ క్యారెక్టర్ సెట్ ఆస్కీ దొరకలేదు'. ఎన్ఎల్ఎస్ ఆస్కీ కూడా పెట్టాకే మౌంట్ అయింది. వీఫ్యాట్ ఈ మాడ్యూల్ పేరుని మౌంట్ ఆప్షన్ల నుంచి అప్పటికప్పుడు అతికించి అడుగుతుంది, ముందుగా లెక్కగట్టే ఏ టూల్‌కీ అది అందదు. ఉబుంటు కెర్నెల్ అయితే ఆస్కీ బదులు ఐఎస్ఓ 8859-1 అడుగుతుంది. ఒకే మాడ్యూల్, కెర్నెల్ కట్టినప్పటి సెట్టింగ్‌ని బట్టి డిపెండెన్సీ మారిపోతుంది. ఇంకోటి, కెర్నెల్ ఇలా అడిగేటప్పుడు ఎస్‌బిన్ ఫోల్డర్లో మోడ్‌ప్రోబ్ కోసమే చూస్తుంది, కాబట్టి బిజీబాక్స్ లింక్ సరిగ్గా అక్కడే ఉండాలి.

ఆస్కీ అనేసరికి తెలుగు ఫైలు పేర్లు పాడవుతాయేమో అనిపించింది. డెబియన్ కెర్నెల్లో ఫ్యాట్‌కి యూటీఎఫ్8 (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగ్) మామూలుగానే ఆన్ ఉంటుంది కాబట్టి 'అమ్మమ్మ ఊరు', 'గృహప్రవేశం' లాంటి ఫోల్డర్లు క్షేమంగా కాపీ అయ్యాయి. టెక్స్ట్ కన్సోల్‌కి తెలుగు రాయడం రాదు కాబట్టి తెర మీద చెత్తలా కనబడతాయి, ఇంకో కంప్యూటర్లో పెట్టి చూస్తే పేర్లు సరిగ్గానే ఉన్నాయి.

ఇంకా మిగిలింది

కొత్త లాప్‌టాప్‌ల కోసం ఎక్స్‌హెచ్‌సీఐ పీసీఐ, యూఏఎస్ (కొత్త యూఎస్‌బీ పోర్టుల, డిస్క్‌ల డ్రైవర్లు) చేర్చాను, అలాంటి మెషిన్ చేతికొస్తే టెస్ట్ చేయాలి. నెట్‌వర్క్ మీదుగా కాపీ కోసం ఆర్8169 (రియల్‌టెక్ నెట్‌వర్క్ కార్డుల డ్రైవర్) మొదలుపెట్టాను. దానికి రియల్‌టెక్ ఫై (కేబుల్ సిగ్నళ్ళు చూసే చిప్) డ్రైవర్ సాఫ్ట్‌డెప్. అది లేకపోతే ఈ డ్రైవర్ ఊరికే ఫెయిల్ కాకుండా, 'ఫై డ్రైవర్ దొరకలేదు, రియల్‌టెక్ మాడ్యూల్‌ని ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో చేర్చాలేమో' అని లాగ్‌లో రాసి పెడుతుంది. వీఫ్యాట్ రాసినవాళ్ళకి కూడా ఈ ఆలోచన వచ్చి ఉంటే నాకు ఒక సాయంత్రం మిగిలేది. దీనికి ఫర్మ్‌వేర్ (పరికరంలోకే ఎక్కించే ప్రోగ్రామ్) ఫైళ్ళ లెక్క కూడా ఉంది, మోడ్‌ఇన్ఫోని ఫర్మ్‌వేర్ ఫీల్డ్ అడిగితే జాబితా ఇస్తుంది. వచ్చే వారం ఆ పని.