ఒంగోలులో గాజు కళాకృతుల ప్రదర్శన: ఏర్పాట్లలో నా అనుభవం

చేతితో చేసిన గాజు కళాకృతుల ప్రదర్శనను ఒంగోలులో పెట్టాలని మా మిత్రబృందం తీర్మానించినప్పుడు ఏర్పాట్ల భారం నా మీద పడింది. కళాకారులు ఇద్దరు. ఆయన ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌లో కొలిమిని అద్దెకు తీసుకుని, ఇనుప గొట్టం చివర కరిగిన గాజును చుట్టి, నోటితో ఊది పాత్రలు తయారుచేస్తారు. ఆమె హైదరాబాదులో తన ఇంటి దగ్గరే ఉన్న కరెంటు కొలిమిలో, కోసిన రంగు గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక్కటిగా అతికిస్తారు. ఇద్దరి వస్తువులూ గాజువే అయినా వాటిని చూపించవలసిన తీరు ఒకటి కాదని నాకు పని మొదలైన తరువాతే అర్థమైంది.

కాగితాల పని నేను భయపడినంత లేదు. అమ్మకానికి కాక ప్రదర్శనకు పంపే సరుకుకు ఇన్‌వాయిస్ బదులు డెలివరీ చలానా రాస్తారు. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) తీయాలి, అందులో ‘ప్రదర్శన’ అనే విభాగం వేరుగా ఉంటుంది.

పెట్టెలు దిగిన వెంటనే విప్పవద్దని ఫిరోజాబాద్ కళాకారుడు ముందే ఫోనులో చెప్పారు. ఎండలో లారీ ప్రయాణం చేసి వచ్చిన మందపాటి గాజుకు ఒక్కసారిగా ఏసీ గాలి తగలకూడదట. అందుచేత ఆ రాత్రి ఏసీ వేయకుండా పెట్టెలను హాలులోనే వదిలేశాము. మరునాడు ఆమె తన పలకలను తనిఖీ చేసిన పద్ధతి నేను అంతకుముందు చూడనిది. ల్యాప్‌టాప్ తెరను పూర్తిగా తెల్లగా పెట్టి, దాని ముందు పలకను నిలిపి, పోలరాయిడ్ చలువ కళ్లద్దాన్ని కంటి ముందు తిప్పుతూ చూశారు. తెర నల్లబడిన కోణంలో గాజు కూడా నల్లగా ఉంటే లోపల ఒత్తిడి లేనట్టు. ఎక్కడైనా తెల్లని మెరుపు కనిపిస్తే అక్కడ ఒత్తిడి మిగిలి ఉన్నట్టు. కొలిమి వేడిని 500 డిగ్రీల ప్రాంతంలో కొంతసేపు నిలిపి, అక్కడినుంచి గంటల తరబడి మెల్లగా దించకపోతే ఆ ఒత్తిడి గాజులోనే ఉండిపోయి, ఎన్నాళ్లకో, ఎవరూ ముట్టుకోకుండానే వస్తువు పగులుతుందని వివరించారు. అదృష్టవశాత్తు అన్నీ నల్లగానే కనిపించాయి.

అసలు కష్టం వెలుతురుతో వచ్చింది. మన ఊళ్లలో హాళ్లను పెళ్లిళ్లకూ సభలకూ కట్టుకుంటాము కనుక పైనుంచి ట్యూబులైట్లు ఏ మూలా వదలకుండా కురుస్తుంటాయి. బట్టలకూ నగలకూ అది బాగానే ఉంటుంది గానీ, గాజుకు ఎదురుగా అంత వెలుతురు పడితే చూసేవారికి అందులో తమ ముఖమే కనిపిస్తుంది. ఊదిన పలుచని పాత్రలకు వెనుకనుంచి, అతికించిన మందపాటి పలకలకు అడుగునుంచి వెలుగు రావాలి. లైట్లన్నీ ఆర్పించమన్నప్పుడు హాలు మేనేజరు, “చీకటిగా ఉంటే లోపల ఏమీ లేదనుకుని జనం వెళ్లిపోతారు సార్” అని గట్టిగానే అభ్యంతరం చెప్పారు. ఆయన మాటలో న్యాయం ఉంది కనుక గుమ్మం దగ్గర లైట్లు ఉంచి, లోపలికి పోయేకొద్దీ తగ్గించి, కిటికీలకు ముదురు రంగు పరదాలు కట్టించాము. పలకల కోసం చెక్క పెట్టెలు చేయించి, వాటి పైన పాలతెలుపు ఆక్రిలిక్ షీటు బిగించి, లోపల చిన్న ఎల్ఈడీ దీపాలు పెట్టించాము.

ఒక్క ట్యూబులైటును మాత్రం పట్టుబట్టి వెలగనిచ్చాము. ఫిరోజాబాద్ కళాకారుడు తెచ్చిన వాటిలో, నియోడైమియం అనే లోహ మూలకం కలిపిన గాజుతో ఊదిన గిన్నె ఒకటి ఉంది. ఎండలో అది లేత వంగపండు రంగులో ఉంటుంది, ట్యూబులైటు కిందికి రాగానే పాలిపోయిన నీలానికి మారుతుంది. నియోడైమియం పసుపు కాంతిని చాలావరకు మింగేస్తుంది. ట్యూబులైటు వెలుగులో ఎండలో ఉన్నట్టు అన్ని రంగులూ సమంగా ఉండవు. రెండూ కలిసి ఈ మార్పు తెస్తాయి. దానిని కిటికీకీ ట్యూబులైటుకీ మధ్య పెట్టి, చూడవచ్చిన వారిచేత పరదాను పక్కకు లాగించేవాళ్లము. పిల్లలు అక్కడినుంచి కదిలేవారు కాదు.

ఊదిన పాత్రల కింద చీమకుర్తి గ్రానైటు ముక్కలు వేస్తే మన జిల్లా పేరు కూడా నిలుస్తుందని మిత్రులు అన్నారు. పాలిష్ చేసిన ముఖంలోని బంగారు చుక్కలు పాత్రల అడుగులోంచి కనిపించి, గాజులోనే మచ్చలున్నాయేమో అనిపించింది. జిల్లా గౌరవం ఎలా ఉన్నా, రాళ్లను తిరగేసి రంపం గీతలున్న గరుకు వైపు పైకి పెట్టించాను. పాత్రలు జరగకుండా అడుగున చిటికెడు మైనం అద్దాము. పేర్లూ వివరాలూ మాత్రం మార్కాపురం పలకల మీదే బలపంతో రాశాము. అవి చక్కగా నప్పాయి.

సందర్శకులు ఎక్కువగా అడిగింది పాత్రల అడుగునున్న గరుకు మచ్చ గురించే. మూతిని తీర్చిదిద్దే సమయంలో పాత్రను పట్టుకోవడానికి అడుగున మరో ఇనుప కడ్డీని అతికిస్తారు. దానిని విరిచిన చోట మిగిలే గుర్తు అది. కొందరు దానిని నునుపు చేస్తారు గానీ, ఈయన ఉంచేస్తారు. లోపమనుకుని ధర తగ్గించమన్నవారు కూడా ఈ సంగతి విన్న తరువాత పాత్రను తిప్పి చూపించమన్నారు. గూడూరు వైపునుంచి వచ్చిన ఒక పెద్దాయన, తమ ప్రాంతపు సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకు పోతుందని, ఇందులో అది ఉందా అని అడిగారు. కొలిమివారు ఎక్కడినుంచి తెప్పిస్తారో తనకు తెలియదని కళాకారుడు దాపరికం లేకుండా చెప్పారు. తిరుపతి దగ్గరి పాపానాయుడుపేటలో కరిగిన గాజును సన్నని గొట్టంగా లాగి పూసలు చేసే పాత విద్య ఉందని నేను అందుకోగా, వారి సంభాషణ చాలాసేపు అటే సాగింది.

అమ్ముడైనవాటికి కళాకారులే బిల్లులు రాసిచ్చారు. మిగిలినవాటిని అవే పెట్టెలలో సర్ది, తిరుగు ప్రయాణానికి వేరే ఈ-వే బిల్లు తీసి పంపించాము. చెక్క పెట్టెలూ పరదాలూ మా దగ్గరే ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరైనా ఇటువంటి ప్రదర్శన పెట్టదలిస్తే వాటిని ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు.