పాయింట్ టూ టూ (.22) రైఫిల్‌కి జీరో 25 మీటర్లలోనా, 50లోనా?

జీరో చేయడమంటే, ఒక దూరంలో గురిపెట్టిన చోటే దెబ్బ పడేలా సైట్లు సరిచేయడం.

సెకనుకు సుమారు 325 మీటర్లతో వెళ్లే మామూలు స్టాండర్డ్ తూటా, బారెల్ మధ్యగీతకి రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఓపెన్ సైట్ (అద్దాల్లేకుండా వెనక గాడి, ముందు మొనతో గురిపెట్టేది) అనుకుందాం. 50 మీటర్లకి జీరో చేస్తే 25లో దెబ్బ రెండు సెంటీమీటర్ల పైచిలుకు పైకి పడుతుంది. 10 మీటర్ల దగ్గర అర సెంటీమీటరు తేడా కూడా రాదు. అదే 25కి జీరో చేస్తే 50లో నాలుగైదు సెంటీమీటర్లు కిందకి దిగిపోతుంది. అందుకే మా ఓటు 50కే. గచ్చిబౌలి రేంజ్‌లో ఎలాగూ 50 మీటర్ల లేన్లున్నాయి. ఎన్‌సీసీ పిల్లల్లా పాతిక దగ్గరే కాల్చేవాళ్లకి మాత్రం 25 చాలు.

ఇంటర్నెట్‌లో కనిపించే "25లో జీరో చేస్తే 300లో కలుస్తుంది" అన్న మాట ఎం16 లాంటి రైఫిల్‌ది. దాని బుల్లెట్ సెకనుకు 900 మీటర్లు దాటి పోతుంది, సైట్ కూడా బారెల్‌కి ఆరు సెంటీమీటర్లకు పైనే ఉంటుంది. పాయింట్ టూ టూకి ఆ లెక్క అస్సలు పనికిరాదు. 50కి జీరో చేసినా 100 చేరేసరికి ఇది పాతిక సెంటీమీటర్లకు పైగా దిగుతుంది.

దూరంకన్నా ముందు తేల్చుకోవాల్సింది గురి ఎక్కడ పెడతారన్నది. పై అంకెలన్నీ నడిమధ్య గురికి. నల్లచుక్క అడుగున గురిపెట్టే అలవాటుంటే జీరో ఆ టార్గెట్‌కే కట్టుబడిపోతుంది. 50 మీటర్ల అంతర్జాతీయ రైఫిల్ టార్గెట్‌లో నలుపు అడ్డం 112.4 మిల్లీమీటర్లు. అంటే దెబ్బ గురికన్నా 56 మిల్లీమీటర్లు పైన పడాలి. ఇంకో సైజు టార్గెట్ పెట్టగానే ఆ జీరో చెడుతుంది.

మొదట 25లో అయిదు రౌండ్లు కాల్చి ముతకగా సరిచేయండి. అక్కడ ఒక సెంటీమీటరు తేడా వదిలేస్తే 50లో రెండవుతుంది కాబట్టి చివరి సర్దుబాటు 50లోనే. ఇసుకబస్తా ముందుకర్ర (బారెల్ కింద ఉండే కర్ర) కింద ఉండాలి, బారెల్‌కి తగలకూడదు. తగిలితే గ్రూపు (వరసగా కాల్చిన దెబ్బల గుంపు) చోటు మారుతుంది. ఒక్క దెబ్బ చూసి స్క్రూ తిప్పకండి, గ్రూపు నడిమిని చూడండి. దెబ్బ ఎటు పోవాలో బ్యాక్ సైట్‌ని అటే జరపాలి, ఫ్రంట్ సైట్‌నైతే దానికి ఎదురుగా. ఎంత జరపాలంటే, తేడాని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి టార్గెట్ దూరంతో భాగించండి. సైట్ల మధ్య అరమీటరుండి 50లో 5 సెంటీమీటర్లు తప్పితే అర మిల్లీమీటరు. ఇంత చిన్న కదలిక కనుకే ఆకురాయి పట్టేటప్పుడు తొందర కూడదు. ఫ్రంట్ సైట్ అరగదీస్తే దెబ్బ పైకెక్కుతుంది, కానీ అరిగింది తిరిగిరాదు. రెండు రాపిళ్లు, అయిదు రౌండ్లు, మళ్లీ చూడటం.

హైదరాబాద్ ఎండలో ఫ్రంట్ సైట్ ఒకపక్క తళుక్కుమంటే కన్ను దాని అంచుని తప్పుగా పట్టుకుంటుంది, గ్రూపు పక్కకి జరుగుతుంది. సైట్ తిప్పకండి. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, తూటాలకి దూరంగా కర్పూరం వెలిగించి ఆ మసి పట్టించండి. మసి పట్టిన అంచు మెరవదు, కోసినట్టు కనిపిస్తుంది.

తూటా బ్రాండే కాదు, లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మారినా దెబ్బ చోటు మారొచ్చు. కొత్త పెట్టె తెరిచినప్పుడు 50లో అయిదు రౌండ్లు వేసి చూసి, లాట్ నంబరు, గురి పద్ధతి, బ్యాక్ సైట్ గాడి నోట్‌బుక్‌లో రాసుకోండి.