సిగరెట్ మానేటప్పుడు గమ్ముతో, కాఫీతో నేను చేసిన తప్పులు

మానే తేదీకి ముందు పరీక్షల టైమ్‌టేబుల్ చూసుకోవాలి. చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం మొదటి మూడు రోజుల్లో ముదిరి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. అందుకే చివరి పేపరు రాసిన మర్నాడే మొదలుపెట్టాను.

అంతకు ముందు వారం రోజులు పెట్టెకు చీటీ చుట్టి, వెలిగించిన ప్రతిసారీ టైము, పక్కనెవరున్నారో రాశాను. సగానికి పైగా ఎవరో వెలిగించారని తోడుగా కాల్చినవే. వాటికి నికోటిన్ గమ్ము (సిగరెట్ బదులు నికోటిన్ అందించే నమిలే మందు) అక్కర్లేదు, ఆ పది నిమిషాలు ఇంకోచోట ఉంటే చాలు.

మిగతావాటికి ఆ గమ్మే. లేచిన అరగంటలోపే మొదటిది కాల్చేవాళ్లకు 4 మిల్లీగ్రాములది, ఆ తర్వాత కాల్చేవాళ్లకు 2. మామూలు చూయింగ్ గమ్ములా నమిలేశాను: గొంతు మంట, ఎక్కిళ్లు, వికారం. నికోటిన్ నోటి లోపలి పొర గుండా రక్తంలోకి ఎక్కాలి, ఉమ్ముతో మింగేస్తే కడుపులో మంటే తప్ప పెద్దగా పనిచెయ్యదు. మెల్లగా నమలాలి. మిరియం కొరికినట్టు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టెయ్యాలి. నిమిషానికో కాస్త అటూఇటుగానో చురుకు తగ్గాక మళ్లీ నమిలి రెండో పక్కన పెట్టాలి. ఒక్కోటి అరగంట వస్తుంది. పావుగంట ముందు నుంచీ కాఫీ, కూల్‌డ్రింకు, పళ్లరసం వద్దు. నోట్లో పులుపుంటే నికోటిన్ ఒంటికి పట్టదు. రోజుకు 24 దాటకూడదు, నాకు ఎనిమిది సరిపోయాయి.

కాఫీ సంగతి చాలామందికి తెలీదు. సిగరెట్ పొగ వల్ల కాలేయం కెఫీన్‌ని తొందరగా విరగ్గొట్టేస్తుంది (ఇది నికోటిన్ పని కాదు, పొగది). పొగ మానేశాక అదే కప్పు ఒంట్లో చాలాసేపు ఉండిపోతుంది. గుండె దడ, చేతులు వణకడం చూసి సిగరెట్ లేకే అనుకున్నాను. కాఫీ సగానికి తగ్గించగానే నిద్ర పట్టింది.

కొన్నాళ్లు దగ్గు ఎక్కువ కావచ్చు, మలబద్ధకం రావచ్చు. నీళ్లు బాగా తాగాలి.

ఎప్పుడైనా ఒకటి కాల్చేస్తే ఆ రోజు పోయిందనుకుని పెట్టె కొనొద్దు. అదీ చీటీలో రాసి, తర్వాతి గమ్ము టైముకు గమ్ము వేసుకోండి. ఆరు వారాలయ్యాక వారానికొకటి చొప్పున తగ్గించుకుంటూ వచ్చాను. పొద్దున లేవగానే వేసుకునేదాన్ని మాత్రం ఆఖరుకు ఉంచుకున్నాను.