లఫ్స్ గోల: ఆ మూడు డీబీ ఎక్కడికి పోతోంది?

నాలుగు పాటల పని మిక్స్ (ట్రాక్‌లన్నీ కలపడం) దగ్గరే ఆగిపోయింది, ఆపింది పాట కాదు, పాట ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటర్. నేను రీపర్‌లో చేస్తా, మా పిన్ని కొడుకు ఏబుల్టన్ లైవ్‌లో చేస్తాడు, రెండూ మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లే, ఊళ్లో ఫోన్‌తో రికార్డ్ చేసుకొచ్చిన గొంతులు ఆడాసిటీలో శుభ్రం చేస్తా. ఒకే పాట, అవే స్టెమ్స్ (విడివిడి ట్రాక్ ఫైళ్లు), నాకు -14.2 లఫ్స్ (చెవికి తెలిసే గట్టిదనం కొలత, సున్నాకి దగ్గరైన కొద్దీ గట్టి) వస్తే వాడికి -12.4. "అన్నా నీ మీటర్ తప్పు" అని వాడు, "నీదేరా" అని నేను, రెండు వారాలు వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్లు విసురుకున్నాం. ఇద్దరిదీ యూలీన్ అనే మీటర్ ఫ్రీ వెర్షనే, అది కూడా ఆలోచించలేదు చూడండి.

శనివారం

పాట పక్కన పెట్టి టోన్‌తో మొదలెట్టా. ఆడాసిటీలో జనరేట్ మెనూలో టోన్, సైన్, 1000 హెర్ట్జ్, యాంప్లిట్యూడ్ 0.0708, ఇరవై సెకన్లు. 0.0708 అంటే -23 డీబీ (డెసిబెల్) పీక్, అంటే అల గరిష్ఠ ఎత్తు. ఎడమా కుడీ రెండింట్లో ఇదే టోన్ ఉంటే మీటర్ -23.0 లఫ్స్ చూపించాలి, యూరప్ బ్రాడ్‌కాస్టర్ల యూనియన్ (ఈబీయూ) వాళ్లు మీటర్లకి పెట్టే మొదటి పరీక్ష ఇదే. 1000 హెర్ట్జే ఎందుకంటే చెవి వినే తీరుకి తగ్గట్టు కొలతని సరిచేసే కే-వెయిటింగ్ ఫిల్టర్ అక్కడ దాదాపు 0.69 డీబీ పెంచుతుంది, ఫార్ములాలో మైనస్ 0.691 ఉండేది దాన్ని కొట్టేయడానికే, లెక్క చక్కగా తేలుతుంది.

వేవ్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి (ఆడియో ఫైళ్లని కొలిచే, మార్చే ఉచిత టూల్) ఇస్తే -26.0. అబ్బ దొరికింది దొంగ అనుకున్నా, తీరా చూస్తే ఆడాసిటీ నాకిచ్చింది మోనో ట్రాక్. ఈ కొలతలో ఛానెళ్ల పవర్ కలుపుతారు కాబట్టి ఒక్క ఛానెలే ఉంటే మూడు డీబీ తగ్గుతుంది. అదే మోనో ఫైల్ రీపర్‌లో వేస్తే -23.0, ఎందుకంటే అక్కడ ట్రాక్ స్టీరియో, సిగ్నల్ రెండు వైపులా వెళ్తుంది. ఏబుల్టన్‌లో కూడా -23.0. అంటే మీటర్లన్నీ నిజమే చెప్తున్నాయి, మనం పోసే నీళ్లే వేరు.

గొంతు ఫైళ్ల సంగతి కూడా దీంతోనే తేలింది. ఆడాసిటీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మోనోని డ్యూయల్ మోనోగా, అంటే రెండు వైపులా మోగేదిగా, లెక్కపెట్టమని ఒక టిక్ ఉంటుంది, అది పెట్టి -14 అడిగితే ఫైల్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో -17 చూపిస్తుంది. నేను -17 చూసి మళ్లీ మూడు పెంచి లిమిటర్‌తో (పీక్‌లని ఆపేది) తొక్కేసిన గొంతులు రెండున్నాయి, అవి మళ్లీ చేయాలి, నా కర్మ.

ఆదివారం

టోన్‌ని పూర్తిగా ఎడమకి పాన్ చేశాం, అంటే ఎడమ స్పీకర్‌కే పంపాం, ఇక్కడ పడింది అసలు తేడా. నా రీపర్‌లో -26.0, వాడి దగ్గర -23.0. ఏబుల్టన్‌లో మధ్యలో 0 డీబీ, పూర్తిగా పక్కకి తోస్తే +3 డీబీ, పవర్ మారకుండా ఉండేలా పెట్టిన పాన్ లా (పాన్ చేస్తే వాల్యూమ్ ఎంత మారాలో చెప్పే నియమం) అది. రీపర్ డిఫాల్ట్‌లో పక్కకి తోసినా ఏమీ పెరగదు. మా డప్పు రెండు టేకులు, ఒకటి పూర్తి ఎడమ ఇంకోటి పూర్తి కుడి, అంటే ఫేడర్లు (వాల్యూమ్ మీటలు) ఒకేచోట ఉన్నా వాడి మిక్స్‌లో డప్పు మూడు డీబీ ఎక్కువ మోగుతోంది. "నీ దాంట్లో డప్పు సచ్చిపోయిందన్నా" అని వాడు మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు, నేనే హెడ్‌ఫోన్స్ మీద తోశా.

రీపర్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో పాన్ లా -3 పెట్టి గెయిన్ కాంపెన్సేషన్ టిక్ చేస్తే చివర్లలో రెండూ కలిశాయి. సగం పాన్ చేసిన ట్రాక్‌లు మా పాటలో లేవు కాబట్టి మధ్యలో సంగతి చూడలేదు.

అయినా ఇంకో ఒక డీబీ మిగిలింది. వాడి వేవ్ పీక్ సరిగ్గా 0.0 దగ్గర కూర్చుంది, అంత కచ్చితంగా ఎవడూ ఫేడర్‌తో పెట్టలేడు కదా. ఎక్స్‌పోర్ట్ విండోలో నార్మలైజ్ (పీక్‌ని 0 దాకా లేపేది) ఆన్‌లో ఉంది. ఎప్పట్నుంచిరా అంటే నవ్వే స్మైలీ పంపాడు.

మంగళవారం

ఈసారి తప్పు నాది. మిక్స్ చేస్తూ చరణం మాత్రం పదిసార్లు తిప్పి తిప్పి వింటా, మీటర్‌ని రీసెట్ చేయను, ఇంటిగ్రేటెడ్ అంకె (మొదట్నుంచీ విన్నదాని సగటు) ఆ గట్టి చరణాన్నే పోగేసుకుంటూ పోతుంది. -11.8 చూసి కంగారుపడి మాస్టర్ తగ్గించా, మొత్తం పాట ఒక్కసారి మొదట్నుంచీ కొలిస్తే -13.1. ఇప్పుడు రీపర్‌లో ప్లే చేసి కొలవడమే మానేశా, రెండర్ విండోలో డ్రై రన్ కొడితే ఫైల్ రాయకుండానే అంకెలు ఇస్తుంది.

నాలుగో పాట వేరే కథ. మొదట్లో నలభై సెకన్ల ఆలాపన, తంబురా మీద గొంతు ఒక్కటే, -27 చుట్టూ ఉంటుంది, తర్వాత మూడున్నర నిమిషాలు డప్పుతో -13. మామూలు సగటు వేస్తే -13.7 రావాలి కానీ మీటర్ -13.0 అంటుంది. ముందు -70 కంటే కింద ఉన్నవి తీసేసి, మిగిలిన దాని సగటు కంటే పది తక్కువ ఉన్న ముక్కల్ని కూడా వదిలేస్తుంది, ఇక్కడ ఆ గీత -23.7 దగ్గర పడింది కాబట్టి ఆలాపన లెక్కలోనే లేదు. లఫ్స్ కొలతకి ప్రమాణం బీఎస్ 1770, 2006లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లో ఈ గేటు (ఇలా వదిలేసే లెక్క) లేదు, 2011లో రెండో వెర్షన్‌లో పెట్టారు. వాడి ఆర్‌ఎంఎస్ (మామూలు సగటు) మీటర్‌కి గేటు లేదు కాబట్టి దాని అంకెతో పోల్చుకోవడం మానేశాం.

ప్రస్తుతం మా ఒప్పందం: ఎవడు ఎందులో చేసినా 24 బిట్ స్టీరియో వేవ్, నార్మలైజ్ ఆఫ్, ఫైనల్ అంకె ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఈబీయూ ఆర్128 ఫిల్టర్‌తో ట్రూ పీక్ (శాంపిళ్ల మధ్య దాగిన పీక్‌తో సహా) ఆన్ చేసి తీసిందే లెక్క. స్పాటిఫై మామూలుగా -14కి తెస్తుంది కాబట్టి అక్కడికే పెడుతున్నాం, ట్రూ పీక్ -1 దాటకుండా.

మొదటి మూడు -14.1, -13.9, -14.0. నాలుగోది -14 దగ్గర పెట్టి వింటే ఆలాపన అయ్యాక డప్పు చెవిలో కొట్టినట్టుంది, -15కి దించా. వాడికి ఇంకా చెప్పలేదు.