ముట్టుకాడులో మన చుట్టిల్లు

చెన్నైకి దక్షిణాన ముట్టుకాడు వద్ద 1996లో తెరిచిన దక్షిణచిత్ర మ్యూజియంలో, దక్షిణాది రాష్ట్రాల సంప్రదాయ గృహాల మధ్య ఉత్తరాంధ్ర తీరపు చుట్టిల్లు కనబడగానే, శ్రీకాకుళం వాడినైన నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. గుండ్రని మట్టిగోడ, దాదాపు నేలను తాకే తాటాకు కప్పు. మూలలు లేనందున తుఫాను గాలి గోడను పట్టి తోయలేక చుట్టూ జారిపోతుంది. సోంపేట వైపు మా అమ్మమ్మ ఇల్లు ఇలాంటిదే. వంగి లోపలికి వెళ్లాలి. చూరు తలకు తగిలితే ఆమె నవ్వేది. ఇక్కడ అంతా శుభ్రంగా ఉంది గాని, పొయ్యి పొగ వాసన లేదు (అడగకూడదేమో!). 2018 తిత్లీ తుఫాను తరువాత అమ్మమ్మ ఇంటి స్థానంలో శ్లాబు ఇల్లు వేశారు. వేసవి మధ్యాహ్నాల్లో మావయ్య ఆ వేడికి తాళలేక, వేపచెట్టు కిందికి మంచం లాక్కుంటున్నారు.