ఆసుపత్రిలో విన్నది అచ్చుకెళ్లే ముందు

అమెరికా ఆసుపత్రుల్లో పనిచేసే మన డాక్టర్లలో, నర్సుల్లో, థెరపిస్టుల్లో రాసే చెయ్యి ఉన్నవాళ్లు ఉన్నారు. అలాంటి రాతకు ఇక్కడ చోటూ ఉంది. అమెరికా వైద్యుల సంఘం నడిపే జామా పత్రిక 1980 నుంచి వైద్యుల అనుభవ వ్యాసాలు వేస్తోంది. కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టర్ రీటా షరాన్ 2000లో నెరేటివ్ మెడిసిన్ (రోగుల కథలు వినడం, రాయడం వైద్యంలో భాగం చేసే పద్ధతి) కార్యక్రమం మొదలుపెట్టారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రి నుంచి బెల్వ్యూ లిటరరీ రివ్యూ అనే సాహిత్య పత్రిక వచ్చింది. రచన బాగుండి కూడా ఆగిపోయేది ఎక్కువగా అనుమతి కాగితాల దగ్గర. అవి ముందే సరిచూసుకోవాలి.

మొదటిది హిపా, అంటే రోగుల ఆరోగ్య సమాచారాన్ని గోప్యంగా ఉంచాలనే అమెరికా చట్టం. రోగి ఎవరో తెలియకుండా చేయడానికి తీసేయాల్సిన 18 రకాల వివరాలను ఆ నిబంధనలు చెప్తాయి. పేరు, ఫోను, రికార్డు నంబరు ఎవరైనా తీసేస్తారు. పొరపాటు జరిగేది తేదీల దగ్గరా ఊళ్ల దగ్గరా. సంవత్సరం ఉండొచ్చు కానీ ఆసుపత్రిలో చేరిన రోజు, ఇంటికెళ్లిన రోజు, చనిపోయిన రోజు ఉండకూడదు. కథలో 'దీపావళి రాత్రి' అన్నా అది తేదీయే. రాష్ట్రం పేరు ఉండొచ్చు, అంతకన్నా చిన్న ఊరు, కౌంటీ ఉండకూడదు. వయసు 89 దాటితే '90 లేదా ఆపైన' అని మాత్రమే రాయాలి. ముఖం కనిపించే ఫొటోలో కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే సరిపోదని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘమే చెప్పింది. మనిషి పోయారు కదా అనుకోవడానికీ లేదు. మరణం తర్వాత 50 ఏళ్లదాకా ఆ రక్షణ ఉంటుంది.

తెలుగులో రాస్తే ఆసుపత్రివాళ్లకీ రోగికీ తెలియదులే అనే ధైర్యం కొందరిలో ఉంటుంది. చట్టానికి భాషతో పని లేదు. పైగా మన విషయంలో తెలుగే ఎక్కువ ప్రమాదం. కూతురి పురుడు పోయడానికి గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చి, గుండెపోటుతో ఐసీయూలో చేరిన తల్లి గురించి రాశారనుకోండి. 18 వివరాలూ తీసేసినా, ఇక్కడ ఆ కూతురు ఉండే ఊళ్లో గుడికి వచ్చే తెలుగువాళ్లందరికీ ఆమె ఎవరో రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. ఇన్సూరెన్సు లేక ఆ కుటుంబం పడ్డ ఇబ్బంది కూడా రాస్తే అది ఇంటింటి కబురవుతుంది. మిగిలిన వివరాలతో మనిషిని గుర్తుపట్టొచ్చని రాసేవారికి తెలిసినప్పుడు, జాబితా ప్రకారం తీసేశామన్నది చాలదని ఆ నిబంధనలే చెప్తాయి.

అలాగని గుంటూరును తిరుపతిగా, కూతురిని కొడుకుగా మార్చేస్తే సరిపోతుందా? సాహిత్య పత్రికకు కథగా పంపితే సరే. జామాలాంటి వైద్య పత్రికకు అనుభవ వ్యాసంగా పంపితే కుదరదు. అక్కడ వివరం వదిలేయొచ్చు, పలచన చేయొచ్చు, మార్చకూడదు. వదిలేస్తే వ్యాసమే నిలబడదనిపిస్తే రోగి అనుమతి సంతకం తీసుకోవడమొక్కటే దారి.

సంతకం అడిగే తీరులో మర్యాద కావాలి. చికిత్స నడుస్తుండగా డాక్టరే అడిగితే రోగి కాదనలేరు. అందుకే చికిత్స ముగిశాక, వైద్యంతో సంబంధం లేని మరొకరితో అడిగించడం మేలు. ఇంగ్లీషు రాని పెద్దావిడకు అల్లుడు సారాంశం చెప్తే చాలదు. శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ చేత రచన మొత్తం తెలుగులో చదివించాలి. అల్లుడి ముందు ఆవిడ చెప్పలేని మాట అందులోనే ఉండొచ్చు. అనుమతి పత్రంలో ఏ సమాచారం, ఎవరికి, ఎందుకు, ఎప్పటివరకు అన్నవి ఉండాలి. అనుమతిని రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చనీ, అచ్చయ్యాక మాత్రం రచనను వెనక్కి రప్పించలేమనీ ముందే చెప్పాలి. ఆసుపత్రి ఫారం వేరు, పత్రిక ఫారం వేరు. చాలాసార్లు రెండూ కావాలి.

డయాలసిస్ వార్డులోనో క్యాన్సర్ వార్డులోనో రాత శిబిరాలు పెట్టి, రోగులు రాసినవి సంకలనంగా వేసేవాళ్లు ఇంకో సంగతి మరవకూడదు. రాసిన క్షణం నుంచీ ఆ కవిత కాపీరైటు రోగిదే. ఆరోగ్య సమాచారం వెల్లడించడానికి ఇచ్చిన సంతకం కవితను అచ్చేయడానికి అనుమతి కాదు. దానికి వేరే పత్రం ఉండాలి. పేరు వేయాలా వద్దా అన్నదీ వాళ్లనే అడగాలి. రోగి అనగానే పేరు దాచేయడం చాలామందికి అలవాటు. కవిత కింద తన పేరు చూసుకోవాలని కోరుకునే మనిషికి అది అన్యాయం. ఆ శిబిరం వల్ల నొప్పి తగ్గిందో లేదో కొలిచి పరిశోధన వ్యాసం రాయాలనుకుంటే, మొదటి తరగతికి ముందే, మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. జరిగిపోయినదానికి తర్వాత అనుమతి ఇవ్వరు.

ఇక పత్రికల ఆచారాలు. వైద్యులూ రచయితలూ కలిసి పనిచేసినప్పుడు చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఒకే కవితను నాలుగు సాహిత్య పత్రికలకు ఒకేసారి పంపడం మామూలు, ఒకరు తీసుకోగానే మిగతావాళ్లకు చెప్పి వెనక్కి తీసుకుంటే చాలు. అదే పని వైద్య పత్రికతో చేస్తే తప్పు కింద లెక్క. ఫేస్‌బుక్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన కవిత చాలా సాహిత్య పత్రికల దృష్టిలో ఇప్పటికే అచ్చయినట్టే. పరిశోధన వ్యాసాన్ని మాత్రం పత్రిక పరిశీలనకు ముందే ప్రీప్రింట్‌గా నెట్‌లో పెట్టినా చాలా వైద్య పత్రికలు అభ్యంతరం చెప్పవు. సాహిత్య పత్రిక సాధారణంగా మొదటిసారి వేసుకునే హక్కు తీసుకుని, తర్వాత రచయితకే వదిలేస్తుంది. వైద్య పత్రికల్లో కొన్ని కాపీరైటు మొత్తం రాయించుకుంటాయి. అప్పుడు మీ వ్యాసాన్నే మీరు తెలుగులోకి తెచ్చి హైదరాబాద్ పత్రికకు ఇవ్వాలన్నా వాళ్ల అనుమతి కావాలి. సంతకానికి ముందు అనువాద హక్కు నాకే ఉంచండని అడిగితే కొందరు ఒప్పుకుంటారు. తర్వాత అడిగితే కష్టం.

చివరికి మిగిలేది డబ్బు, వీసా. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారు స్పాన్సర్ చేసిన సంస్థకే పనిచేయాలి. వేరే విశ్వవిద్యాలయంలో ప్రసంగించి గౌరవ వేతనం తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం కావచ్చు. జె-1 అనే ఎక్స్ఛేంజి వీసా మీద రెసిడెన్సీ (ఆసుపత్రి శిక్షణ) చేస్తున్న డాక్టర్లకు బయట సంపాదన కుదరదు. అదే జె-1లో ప్రొఫెసర్లు, పరిశోధకులు అప్పుడప్పుడు బయట ప్రసంగించవచ్చు, కాకపోతే తమ ప్రోగ్రాం అధికారి నుంచి ముందే రాతపూర్వక అనుమతి ఉండాలి. పని అనుమతి కార్డు లేకుండా హెచ్-4 మీద (హెచ్-1బి వారి జీవిత భాగస్వామికిచ్చే వీసా) ఉన్న రచయిత్రి శిబిరం నడిపి చెక్కు తీసుకోకూడదు. ఇవ్వజూపినవాళ్లకు 'డబ్బు వద్దు' అని మర్యాదగా చెప్పినా ఊరుకోకూడదు, అది ఈమెయిల్లో ఉండాలి. ప్రయాణ ఖర్చులు మాత్రమే తీసుకునేదైనా టికెట్టు కొనకముందే మీ ఇమిగ్రేషన్ వకీలును అడగండి.